పరదేశవాసియు, బ్యాంకు విచారణయు

నేడు మన గ్రామములలో కొడుకో, కూతురో, మనుమడో పరదేశమున లేని కుటుంబములు నానాటికి తగ్గిపోవుచున్నవి. సొమ్ము అక్కడనుండి ఇక్కడికిని, ఇక్కడనుండి అక్కడికిని నడచుచున్నది. ఆ నడచు బాటలో బ్యాంకు కూర్చుండి యున్నది. కొన్ని యేండ్ల కొకసారి ఆ బ్యాంకు ఒక జాబు వ్రాయును: మీరెవరు? ఎక్కడ కాపురమున్నారు? ఈ సొమ్ము మీకెక్కడిది? ఏ దేశమునకు పన్ను చెల్లించుచున్నారు? ఫలానా తేదీలోగా రుజువులు పంపనిచో మీ ఖాతా నిలిపివేయబడును. ఈ జాబు చూచి పెద్దలలో కొందఱు అవమానపడుదురు. ఇరువది యేండ్లుగా మన సొమ్ము దాచుచున్నవాడు నేడు వచ్చి నీవెవరవని అడుగుట యేమని వారి మాట. కొందఱు భయపడుదురు. మఱికొందఱు జాబును పెట్టెలో పడవేసి మఱచిపోవుదురు. ఈ కడపటివారికే చిక్కు లెక్కువ.

పై నాలుగు ప్రశ్నలును ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పుట్టుక గలదు. ఒకదానిని దొంగ పుట్టించెను. ఒకదానిని మత్తుమందుల వ్యాపారము పుట్టించెను. ఒకదానిని రాజ్యములకు పన్నుపై గల ఆకలి పుట్టించెను. ప్రశ్న యెందులకు వచ్చినదో యెఱిగినవానికి దానికి ఎంత జవాబీయవలెనో, ఎక్కడ నిలుపవలెనో తెలియును. కావున ఆ పుట్టుకలను నాకు తెలిసినంతవఱకు మీకు చెప్పదలచితిని.

పూర్వము సొమ్మిచ్చువాడు అడిగిన ప్రశ్న వేఱు. నీవెవరవని కాదు, నిన్నెఱిగినవారెవరని. మన దేశపు హుండీలలో షాజోగు హుండీ యనునది యొకటి యుండెడిది. దానిని తెచ్చిన ప్రతివానికిని సొమ్ము చెల్లింపరాదు. అంగడిలో పరువు గల షాహు, అనగా షావుకారు, తన చేతిమీదుగా తెచ్చినప్పుడే చెల్లింపవలెను. పొరపాటు జరిగినచో ఆ షావుకారే బాధ్యుడు. ఇది యెంతయు తెలివిగల యేర్పాటు. ఊరికి కొత్తవాడు తానెవడో రుజువు చేసికొననక్కరలేదు. తన్నెఱిగిన షావుకారును చూపినచో చాలును. ఐనను ఎఱిగినవాడు ఒక్కడును లేని ఊరిలో దిగినవాని గతి యేమి? ఇచ్చటనే పరదేశి కథ ఆరంభమగుచున్నది.

ఐరోపాలో ఈ చిక్కును రాబర్టు హెరీసు అను లండను వర్తకుడు గుర్తించెను. 1772లో అతడు యాత్రికుల కొఱకు ఒక విధమైన పత్రములను వెలువరించెను. లండనులో సొమ్ము కట్టి ఈ పత్రములను తీసికొన్నవాడు ఐరోపాలోని అనేక నగరములలో ఎక్కడనైనను వానిని మార్చుకొనవచ్చును. తరువాతి కాలమున ఇట్టి పత్రములతో గుర్తింపు లేఖ యొకటి వేఱుగ నిచ్చుచుండిరి. దానిలో యాత్రికుని సంతకముండును. లేఖను, పత్రములను ఒకే సంచిలో నుంచుకొనవలదని హెచ్చరించెడివారు. దొంగకు రెండును ఒక్కసారి దొరకరాదుగదా! 1891లో అమెరికను ఎక్స్‌ప్రెస్ కంపెనీవారు యాత్రికుల చెక్కులను తెచ్చి ఈ పనిని మఱింత సులభము చేసిరి. కొనునాడు ఒక సంతకము, మార్చునాడు రెండవ సంతకము. రెండును సరిపోయినచో సొమ్ము. షావుకారు పోయి, సంతకమే సాక్షియైనది.

సంతకము రానివాని మాట యేమందురు? దీనికి జవాబు మన దేశముననే పుట్టినది. 1858లో వంగదేశమున జంగీపూరులో విలియము హెర్షెలు అను దొర యుద్యోగము చేయుచుండెను. రోడ్లకు కావలసిన సామాను సరఫరా చేయుటకు రాజ్యధర కోనాయి అను వంగీయునితో అతడు ఒక ఒప్పందము వ్రాయించుకొనెను. రేపు ఈతడు ఈ సంతకము నాదికాదనునేమో యని శంకించి, అతని అఱచేతికి సిరా పూసి కాగితము వెనుక అద్దించెను. మొదట అది కేవలము వానిని బెదరించుటకే. తరువాత కొన్నేండ్లు పరిశీలించి, వ్రేలి గీతలు మనిషికి మనిషికి వేఱనియు, వయసుతో మాఱవనియు గ్రహించెను. 1877లో హుగ్లీ జిల్లాలో నున్నప్పుడు పింఛను పుచ్చుకొనువారిచేతను, దస్తావేజులు రిజిష్టరు చేయించువారిచేతను వ్రేలిముద్రలు వేయించెను. చచ్చినవాని పేరిట బ్రదికినవాడు పింఛను తీసికొనుట ఆ కాలమున పెద్ద బెడద. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ఆ ముద్రలను వర్గములుగా విడదీసి వెదకు పద్ధతిని కుదిర్చినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయులు గలరు. పేరు మాత్రము వారిపై యధికారియగు ఎడ్వర్డు హెన్రీ దొరకు దక్కినది.

పింఛనుదారు మేలుకొఱకు పుట్టిన ఈ ముద్ర త్వరలోనే పరదేశవాసిపైకి తిరిగెను. 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ కూలివారిని నేటాలు చెఱకుతోటలకు చేర్చినది మొదలు తెలుగువారు దక్షిణాఫ్రికాలో కాపురముండిరి. దాని యెదుటి రాజ్యమగు ట్రాన్స్‌వాలులో 1906లో ఒక శాసనపు ముసాయిదా వెలువడినది: అచ్చటి ఆసియావాసులందఱును పేర్లు నమోదు చేయించుకొని పది వ్రేళ్ల ముద్రలు వేయవలెను, అడిగినప్పుడెల్ల ఆ పత్రమును చూపవలెను. గాంధీగారి సత్యాగ్రహము దీని నెదిరించుటలోనే పుట్టినది. 1908 ఆగస్టు 16వ తేదీన జొహాన్నెస్‌బర్గు మసీదు ఆవరణలో రెండువేలకు పైగా పత్రములను తగులబెట్టిరి. వారి బాధ ముద్ర వేయుట మాత్రమే కాదు. తెల్లవానిని అడుగని ప్రశ్నను మనవానిని అడుగుట. గుర్తింపు అడుగుట వేఱు, అనుమానించుట వేఱు. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. బ్యాంకు జాబు చూచి మన పెద్దలు పడు అవమానము వెనుక ఈ పాత గాయమే యున్నదని నా యూహ.

తెలుగువారి సొమ్ము సముద్రము దాటి వచ్చుట కొత్తగాదు. బర్మాలో రంగూను రేవునను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన మనవారిని అచ్చటివారు కోరంగీలని పిలిచెడివారు. మన కోరంగి రేవు పేరే అది. వారి సంపాదన యింటికి మనియార్డరుగా వచ్చెడిది. టపావారి మనియార్డరు పద్ధతి మన దేశమున 1880లో ఆరంభమైనది. టపాబంట్రోతు వాకిట నిలిచి, సాక్షి నొకని పిలిచి, నిశానీ వేయించుకొని రూపాయలు లెక్కించి యిచ్చెడివాడు. అతడు ఊరి మనిషి; ముసలమ్మ నెఱుగును. అడుగవలసిన దేమియు లేదు. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱుపడగా, నిన్నటివఱకు ఒకే రాజ్యపు ప్రజలుగా నున్నవారు ఒక్క రాత్రిలో పరదేశవాసులైరి. మనిషి కదలలేదు, సరిహద్దు కదలినది. ఇట్టివారి నెందఱినో బ్యాంకుల విచారణ తరువాతి కాలమున బాధించినది, చెప్పెదను.

ఇక బ్యాంకు లోపలికి పోదము. ఖాతా తెఱచునప్పుడు ఖాతాదారు నొకని పరిచయకర్తగా చూపవలెనను నియమము మీలో వయసు మీఱినవారందఱికిని గుర్తుండును. ఆ నియమమునకు బలము నిచ్చిన తీర్పులలో ఒకటి 1914లో లండనులో వెలువడినది. లాడ్‌బ్రోక్ అను పందెముల కంపెనీవారు ఒక విద్యార్థికి టపాలో చెక్కు పంపిరి. దొంగ యొకడు దానిని నడుమ కాజేసి, టాడ్ అను బ్యాంకరు కడకు పోయి, ఆ విద్యార్థిని నేనే యని ఖాతా తెఱచెను. పందెము సంగతి కళాశాలవారికి తెలియకుండుటకే ఇచ్చట తెఱచుచున్నానని నమ్మబలికెను. బ్యాంకరు విచారింపలేదు. సొమ్ము పోయినది. కొత్తవానిని విచారింపకుండ ఖాతా తెఱచుట అజాగ్రత్తయని న్యాయస్థానము తేల్చెను. మన దేశపు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టములో కూడ, మంచి మనసుతోను జాగ్రత్తతోను నడచిన బ్యాంకుకే రక్షణ కలదు. కావున పరిచయకర్తను అడుగుట బ్యాంకు తన్ను తాను కాపాడుకొనుట. నీవెవరవను మొదటి ప్రశ్న పుట్టుక ఇది. ఇందులో పరదేశియని, స్వదేశియని భేదము లేదు. కాని స్వదేశికి పరిచయకర్త వీధిలో దొరకును, పరదేశికి దొరకడు.

సొమ్మెక్కడిదను ప్రశ్న చాలకాలమువఱకు బ్యాంకు అడుగలేదు. అడుగకుండుటయే మర్యాదగా నుండెను. స్విట్జర్లాండువారు 1934లో చేసిన చట్టమున ఖాతాదారు రహస్యమును వెల్లడించిన బ్యాంకు ఉద్యోగి నేరస్థుడగును. ఈ మర్యాదను మొదట గట్టిగా చెఱచినది అమెరికావారు. 1970లో వారొక చట్టము చేసిరి. దాని పేరు బ్యాంకు రహస్య చట్టము. పని మాత్రము రహస్యమును బయటపెట్టుట! పదివేల డాలర్లకు మించిన నగదు లావాదేవీలను బ్యాంకులు ప్రభుత్వమునకు తెలుపవలెను. విదేశములలో అమెరికావారికి గల ఖాతాల నన్నిటిని కలిపి పదివేల డాలర్లు మించినచో వారే తెలుపవలెను. తరువాత ధరలు ఎన్నో రెట్లు పెరిగినను ఆ పదివేల హద్దు పెరుగలేదు. ఆ కాలమున పెద్ద ధనికునికి పట్టిన నియమము నేడు మధ్యతరగతివానికి పట్టుచున్నది.

పిమ్మట 1989లో ఏడు ధనిక రాజ్యములవారు పారిసులో కూడి మత్తుమందుల సొమ్మును అరికట్టుటకు ఒక సంఘము నేర్పరచిరి. ఆ మఱుచటి యేట అది నలువది సిఫారసులు వెలువరించెను. ఖాతాదారు నెఱుగుము అను మాట ప్రపంచమంతటికిని అట్లు పాకినది. 1972లో స్థాపింపబడి అనేక దేశములలో శాఖలు పఱచిన బి.సి.సి.ఐ. యను బ్యాంకును 1991 జూలై 5వ తేదీన పలు దేశములవారు ఒకే దినమున మూయించిరి. ఎవరి సొమ్మో, ఎక్కడిదో తెలియని ఖాతాలకు అది పేరు మోసియుండెను. దానిలో దాచుకొన్నవారిలో పరదేశములలో కాపురమున్న దక్షిణాసియా వర్తకులు పెక్కుమంది. ఆ తరువాత 2001 సెప్టెంబరు 11. విమానములతో న్యూయార్కు మేడలను కూల్చినవారు అమెరికా బ్యాంకులలో తమ సొంత పేర్లతోనే, తమ పాసుపోర్టులతోనే ఖాతాలు తెఱచియుండిరి. అనగా మొదటి ప్రశ్నకు వారు సరియైన జవాబే చెప్పిరి! ఐనను దాని ఫలముగా 2001 అక్టోబరు చట్టముతో ఆ ప్రశ్నయే పదింతలు కఠినమైనది. రాజ్యములు భయపడినప్పుడు తెలిసిన పనినే మఱల గట్టిగా చేయును.

మన రిజర్వు బ్యాంకు 2002 ఆగస్టులో బ్యాంకులకు ఈ విషయమై ఆజ్ఞ నిచ్చి, 2004 నవంబరులో విస్తరించెను. అక్రమ ధనపు చలామణిని అడ్డు చట్టము 2002లో చేయబడి 2005 జూలైనుండి అమలులోనికి వచ్చెను. కాగితములు సాక్షులైన పిదప మనుష్యసాక్షి అక్కరలేకపోయెను. పరిచయకర్తను పట్టుబట్టి అడుగవలదని 2012 డిసెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పెను. షావుకారుతో మొదలైన కథ అచ్చట ముగిసినది. దీనివలన మేలే యెక్కువ కలిగెనని నా యభిప్రాయము. పరిచయకర్త దొరకని కూలివానికి, ఊరు విడిచి వచ్చిన స్త్రీకి బ్యాంకు తలుపు తెఱచుకొనెను. కాని మనిషి మాఱినను కాగితము మాఱదు. కాగితము మాఱినను రెండవ కాగితము మాఱదు. నేటి తగవులన్నియు ఈ రెండు కాగితముల నడుమ జరుగుచున్నవే.

నేను కొన్నేండ్లు జపానులో ఉద్యోగము చేసితిని. ఆ దేశమున పరదేశులు నమోదు పుస్తకములో వ్రేలిముద్ర వేయు పద్ధతి స్థిరనివాసులకు 1993లోను, తక్కినవారికి 2000లోను తొలగింపబడినది. 2012 జూలైనుండి నివాసపు కార్డు వచ్చెను. దానిపై గడువు తేదీ యుండును. 2018లో అచ్చటి ఆర్థిక వ్యవహారముల శాఖవారు అక్రమ ధనము విషయమై బ్యాంకులకు మార్గదర్శకములను వెలువరింపగా, బ్యాంకులు ఖాతాదారులందఱికిని విచారణ జాబులు పంపదొడగెను. నాకును వచ్చినది. ఉద్యోగమేమి, ఖాతా దేనికొఱకు, విదేశములకు సొమ్ము పంపుదువా, నివాసపు కార్డు గడువెప్పటివఱకు అని ప్రశ్నలు. అంతయు జపాను లిపి. నా పొరుగింటి జపానీయునికి వచ్చిన జాబులో కార్డు ప్రశ్న లేదు, తక్కినవన్నియు ఉన్నవి. ట్రాన్స్‌వాలునకును దీనికిని గల భేదమును అప్పుడు కొంత తెలిసికొంటిని. అడుగుట అందఱిని అడిగిరి; పరదేశిని ఒక మెట్టు ఎక్కువ అడిగిరి.

జవాబు వ్రాయుట కష్టము కాలేదు. కష్టమంతయు పేరులో నున్నది. ఇది తెలుగువారి సొంత చిక్కు గనుక కొంచెము నిలిచి చెప్పెదను. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. జపానువారికిని అంతే, ఆ విషయమున వారు మనకు చుట్టములు. కాని మనలో ఇంటిపేరునకు మొదటి యక్షరమే వ్రాయుట వాడుక. బడి పత్రములో ఒక యక్షరము, పాసుపోర్టులో నిండు పేరు, పెండ్లియైన స్త్రీకి కొన్ని కాగితములలో పుట్టింటి పేరు, కొన్నిటిలో అత్తింటి పేరు. రావు, రెడ్డి, శాస్త్రి యనునవి ఒకచోట పేరులో కలిసియు, ఒకచోట విడివడియు నుండును. అమెరికావాడు చివరి మాటయే ఇంటిపేరని తలచి, తండ్రిని రావుగారనియు కొడుకును కుమారుగారనియు వ్రాసికొని, వీరిరువురును ఒక కుటుంబము వారెట్లగుదురని అడుగును. జపాను బ్యాంకు పుస్తకములో పేరు వారి కటకన లిపిలో నుండవలెను. ఆ లిపిలో ల కారమునకును ర కారమునకును భేదము లేదు, సంయుక్తాక్షరములు విడిపోవును. లక్ష్మి అనునది రకుషుమి యగును. ఇట్లు ఒక మనిషికి మూడు పేర్లేర్పడును. యంత్రము వానిని ముగ్గురు మనుష్యులని చదువును.

నా ఖాతాను అచ్చటి బ్యాంకు ఈ కారణముననే రెండు వారములు నిలిపినది. నివాసపు కార్డులోని పేరులో నున్న మాట యొకటి వారి పుస్తకములో పట్టలేదు. నేను పోయి బల్లకడ కూర్చుండి, పాసుపోర్టు, కార్డు, జీతపు చీటి మూటిని వరుసగా పఱచితిని. ఉద్యోగిని మర్యాదస్తురాలు. వంచిన నడుము ఎత్తకుండ క్షమాపణ చెప్పుచునే, ఖాతా తెఱచుట తన చేతిలో లేదనెను. తుదకు పనిచేయించినది నా కంపెనీవారు ముద్రవేసి యిచ్చిన యొక్క కాగితము: ఈ మూడు పేర్లును ఒక్కనివే యని. షాజోగు హుండీ నాకు జ్ఞాపకము వచ్చినది. ఎన్ని యంత్రములు వచ్చినను, కడపట ఎఱిగినవాడొకడు పూచీ పడవలసియే వచ్చెను.

ఇక నాలుగవ ప్రశ్న, పన్ను. ఇది అన్నిటికంటె పిన్నది, అన్నిటికంటె పొడవైన చేయి గలది. 2010 మార్చి 18వ తేదీన అమెరికాలో చేయబడిన శాసనము ప్రకారము లోకములోని బ్యాంకులన్నియు తమ కడనున్న అమెరికావారి ఖాతాలను ఆ ప్రభుత్వమునకు తెలుపవలెను. తెలుపని బ్యాంకునకు అమెరికానుండి రావలసిన కొన్ని చెల్లింపులలో నూటికి 30 వంతులు కోసికొందురు. 2014 జూలైనుండి ఇది అమలులోనికి వచ్చెను. దానితో ఐరోపాలో కొన్ని బ్యాంకులు అమెరికావారితో మాకు పొత్తువలదని వారి ఖాతాలనే మూసివైచెను. పసితనమున అమెరికాలో పుట్టి తిరిగివచ్చినవారు కూడ ఇందులో చిక్కిరి. ఇంగ్లండు ప్రధానియైన బోరిసు జాన్సను 1964లో న్యూయార్కులో పుట్టినవాడు. లండనులోని తన యిల్లు అమ్మినందుకు అమెరికాకు పన్ను కట్టవలసి వచ్చి, 2016లో ఆ పౌరసత్వమునే వదలుకొనెను. సరిహద్దు కదలకున్నను, పుట్టిన చోటు మనిషిని వెన్నంటి వచ్చినది.

మన ప్రభుత్వము 2015 జూలై 9వ తేదీన అమెరికాతో ఈ విషయమై ఒప్పందము చేసికొనెను. ఇతర దేశముల నడుమ ఇట్టి సమాచారపు మార్పిడి 2017లో మొదలైనది. ఆ యేట ఏప్రిల్ నెలలో మన బ్యాంకులు వేలకొలది ఖాతాదారులను, మీరే దేశమునకు పన్ను కట్టువారో సంతకము చేసి తెలుపుడని తొందరపెట్టినది అందుకే. అమెరికా మాట యెన్నడు నెఱుగని రైతుకును ఆ కాగితము వచ్చెను. అతడు ‘భారతదేశమునకే’ యని గుర్తు పెట్టి సంతకము చేసిన చాలును.

కాని కొడుకు అమెరికాలో నున్న తండ్రికి ఇందులో జాగ్రత్త కావలెను. వయసు మీఱినదని, నా తరువాత చిక్కురాకూడదని, కొడుకు పేరు కూడ తన ఖాతాలో చేర్పించు తండ్రులు పెక్కుమంది. సొమ్మంతయు తండ్రిదే. ఐనను ఆ కొడుకు అమెరికా పౌరుడో, స్థిరనివాసియో, పన్ను లెక్కకు అచ్చటి నివాసియో అయినచో, ఆ ఖాతా 1970 నాటి చట్టము క్రింద అతడు తెలుపవలసిన విదేశపు ఖాతా యగును. సంతకము చేయు అధికారము మాత్రమున్నను అంతే. తెలుపుటకు పన్ను లేదు; తెలుపకుండుటకు జరిమానా గలదు. అలెగ్జాండ్రు బిట్నరు అనునతడు రుమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, 1990లో మఱల రుమేనియాకు పోయి వ్యాపారమున బాగుపడెను. తన దేశపు బ్యాంకులలోనే ఖాతాలు. అమెరికాకు తెలుపవలెనని యెఱుగడు. అయిదేండ్ల లెక్కలో ఖాతాలు మొత్తము 272 పడినవి. ఖాతాకు పదివేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా విధించిరి. వ్యాజ్యము అమెరికా సుప్రీముకోర్టువఱకు పోయినది. 2023 ఫిబ్రవరి 28వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు వేఱొకవైపు చేరగా, తెలియక చేసినవానికి ఖాతాకొక్క జరిమానా కాదు, యేటికొక్క జరిమానాయే యని తీర్పు వచ్చెను. 27 లక్షలు 50 వేలకు దిగెను. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గినచో అతని గతి యేమి?

మన చట్టమున కూడ పరదేశవాసి ఖాతాకు వేఱు నియమము గలదు. 1973 నాటి విదేశ మారక చట్టమున తప్పు చేసినవాడు నేరస్థుడు. 2000 జూన్‌నుండి అమలులోనికి వచ్చిన 1999 నాటి చట్టము దానిని జరిమానాతో పోవు తప్పుగా మార్చెను. ఉద్యోగమునకై విదేశము పోయి కాపురమున్నవాడు ఇంటికడ నున్న తన మామూలు సేవింగ్సు ఖాతాను ప్రవాసి ఖాతాగా మార్పించుకొనవలెను. తఱచుగా కొడుకు పోయినపుడు పెట్టె కట్టుటలో ఈ సంగతి యెవరికిని తట్టదు. పదియేండ్లకు బ్యాంకు విచారణ జాబు పాత చిరునామాకు, అనగా తండ్రి కడకు వచ్చును. నేనెఱిగిన గోదావరి తీరపు వృద్ధు డొకడు ఇట్టి జాబులను రెంటిని పూజగదిలో భద్రముగా దాచెను. ఆసుపత్రిలో సొమ్ము కట్టవలసిన రోజున ఉమ్మడి ఖాతా నిలిచియున్నది. బంధువులు కట్టిరి గనుక గట్టెక్కెను. కొడుకు అమెరికానుండి కాగితములు పంపి ఖాతా తెఱపించుటకు నెల పట్టినది.

అట్టి కాగితముల ప్రతులను పరదేశమున ఎవరు నిజమని వ్రాయవచ్చునో రిజర్వు బ్యాంకు చెప్పియే యున్నది: భారత రాయబార కార్యాలయము, అచ్చటి నోటరీ, న్యాయాధికారి, మన బ్యాంకుల విదేశపు శాఖల అధికారులు. కొన్నియేండ్ల కొకసారి జరుగు విచారణలో చిరునామా మొదలగునవి ఏమియు మాఱనిచో మాఱలేదను ప్రకటన చాలునని 2023 జనవరిలో తెలిపిరి. అది ఈమెయిలు ద్వారానో, ఫోను ద్వారానో పంపవచ్చును. బ్యాంకువాడు కొత్తగా అన్నియు తెమ్మన్నయెడల ఈ మాట మర్యాదగా జ్ఞాపకము చేయవచ్చును.

ఒక్క సంగతి మిగిలినది. దొంగ మొదటి ప్రశ్నను పుట్టించెనంటిని. నేడు దొంగయే ఆ ప్రశ్న నడుగుచున్నాడు. మీ వివరములు సరిచూడవలెను, లేనిచో నేటి సాయంకాలము ఖాతా నిలిచిపోవునని ఫోను చేసి, రహస్యపు అంకెలను చెప్పించుకొని సొమ్ము హరించువారు పెరిగిరి. రిజర్వు బ్యాంకు 2021లో దీనిని గూర్చి ప్రజలను హెచ్చరించెను. నిజమైన బ్యాంకు మీ పేరు, ఊరు, పని, పన్ను అడుగును. ఫోనునకు వచ్చిన రహస్యపు అంకెను, కార్డు పిన్నును అడుగదు. నిజమైన జాబులో గడువు వారములలో నుండును, గంటలలో నుండదు. అనుమానము కలిగినచో ఆ ఫోను పెట్టివేసి, పాసుపుస్తకముపై అచ్చువేసిన శాఖకే పోయి విచారింపవలెను.

విచారణ ఎన్నాళ్లకొకసారి యనుటకును లెక్క గలదు. బ్యాంకు ఖాతాదారులను అపాయపు తరగతులుగా విభజించును. హెచ్చు అపాయమని తలచినవారిని రెండేండ్లకు, మధ్యమును ఎనిమిదేండ్లకు, తక్కువను పదియేండ్లకు ఒకసారియైనను అడుగవలెను. పరదేశముననున్న మీ పిల్లల ఖాతా ఏ తరగతిలో నున్నను, వారి చిరునామా మాఱినపుడెల్ల బ్యాంకునకు తెలిపించి, ఆ జాబు నకలును మీ పాసుపుస్తకములో పెట్టి యుంచుడు.